ట్యూబు తెచ్చే పిల్ల

పరిమళ నేలమీద వేసింది ముగ్గు కాదు, వీధి. ముగ్గుపిండి డబ్బా చేతపట్టుకోని, కుచ్చిళ్ళు ఎగదోపుకోని, వంగి వంగి చెన్నై తొండియార్‌పేటలోని ఆ సందు మొత్తాన్నీ ఆదివారం శామియానా కింద గీసేసింది. మొదట్లో తన్నీ లారీ, అదే నీళ్ళ లారీ, ఆగే రోడ్డు. దాని పక్కన సారాయి కొట్టు, మునెమ్మ ఇడ్లీ బండి. ఆపైన అటొక వరస, ఇటొక వరస ఇండ్లు. నడిమధ్య నీళ్ళతొట్టి, తొట్టికెదురుగా సంఘం గది. కడాన కక్కసుదొడ్లు. గీసింది గీసినట్టే ఉండాదని ఆడవాళ్ళంతా తలలు వంచి ఎవురి ఇల్లు వాళ్ళు వెతుక్కుంటా ఉంటే, పరిమళ పళ్ళెం నిండా ఎండుమిరపకాయలు తెచ్చి మధ్యలో పెట్టింది.

ఆ పిల్ల ఆడపిల్లల బాగోగులు చూసే ఒక సంస్థలో పని చేస్తాది. వాళ్ళమ్మది నెల్లూరు పక్కంట, తెలుగూ అరవమూ కలిపే మాట్లాడతాది.

"పోలీసు వచ్చేది జరిగినాకే అక్కా. జరక్కముందు చూసుకోవాల్సింది ఈ వీధే. మీకు ఏడ భయమేస్తాదో ఆడ ఒక మిరపకాయ పెట్టండి. ఎందుకని నేను అడగను, ఎవురని అడగను."

"మా అత్త మంచం కాడ పెట్టనా? నాకు ఆడనే భయం!" అనింది రాసాత్తి. అందరూ పకపకా నవ్వినారు. మునెమ్మకూ నవ్వు వచ్చింది గానీ పెదిమలు బిగపట్టింది. రాసాత్తితో ఆమెకు జనవరి నుంచీ మాటల్లేవు.

నవ్వు అణిగినాక ఒక్కొక్కరే లేచి మిరపకాయలు పెట్టినారు. సారాయి కొట్టు కాడ ఏడు. హార్బరుకు పోయే కంటైనరు లారీలు రాత్రిపూట నిలబెట్టేదీ తన్నీ లారీ రోడ్డు మీదనే, ఆడ గుప్పెడు. లైటు లేని కక్కసుల కాడ ఇంకో గుప్పెడు. మునెమ్మ తనది లారీ రోడ్డు మీదనే పెట్టింది. పరాయి ఊరి డ్రైవర్లు, ఎవురో ఏందో ఎవురికి తెలుసు?

సంఘం లీడరు నాగలింగం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోని అందరికీ గోలీసోడాలు అందిస్తా ఉన్నాడు. వీధిలో పిల్లలందరికీ ఆయన మామ. లారీ ఆఫీసుకు ఫోన్ చేసేది ఆయనే, కరెంటు పోతే పరిగెత్తేది ఆయనే. సోడా కొట్టి ఇస్తా ఇస్తా వంగి చూసి, "ఏందమ్మా ఇది? నా సంఘం వాకిట్లో మిరపకాయ? నాకేమన్నా దిష్టి తీస్తా ఉండారా?" అని నవ్వినాడు.

నిజమే. సంఘం గది గడపకు ఎదురుగా ఒకే ఒక మిరపకాయ పడి ఉండింది.

ఆడవాళ్ళు నవ్వినారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మునెమ్మే. "గాలికి దొర్లింటాదిలే తమ్ముడా" అని, వంగి ఆ మిరపకాయ తీసి లారీ రోడ్డు మీదికి ఇసిరేసింది.

గాలి ఏడిది? జూన్ నెల ఉక్క. శామియానా అంచు కూడా కదల్లేదు. తలెత్తేసరికి ఎదురుగా మనవరాలు రంజిత నిలబడి ఉంది. పదమూడేండ్ల పిల్ల. ఏడవలేదు, కోపంగానూ చూడలేదు. దుకాణం మూసేశాక బయట నిలబడినోళ్ళు తలుపును చూస్తారే, అట్ట చూసి, ఇంట్లోకి పోయింది.

*

సోమవారం పొద్దున లారీ రోజు. మునెమ్మ ఇడ్లీ గిన్నె పొయ్యిమీద పెట్టి, ఆ చూపునే తలుచుకుంటా, ఎన్నడూ లేనిది సందు లోపలివైపుకు తిరిగి నిలబడింది.

లారీ సందులోకి పట్టదు. దాని పొట్టి ట్యూబు తొట్టిదాకా రాదు. అందుకని వీధంతా కలిసి పొడుగాటి ట్యూబు ఒకటి కొని సంఘం గదిలో పెట్టుకోనుండారు. తాళంచెవి నాగలింగం చొక్కా జేబులో. బిందెలు తొట్టిచుట్టూ వరసలో నిలబడతాయి. బిందె నిలబడితే మనిషి నిలబడినట్టే లెక్క, దాన్ని జరిపేదానికి ఎవురికీ దమ్ము లేదు. అయితే గదిలోకి పోయి ట్యూబు మోసుకొచ్చే పిల్ల ఇంటి బిందెది మాత్రం మొదటి వరస. అది ఆ వీధి మర్యాద. అమ్మలంతా పనులకు పోయేవాళ్ళు, మొదటి బిందె అంటే అరగంట కలిసొచ్చినట్టు. జనవరిలో రాసాత్తి తన కూతురు జయంతిని ట్యూబుకు పెడతానంటే, నాలుగో క్లాసు పిల్ల ఏం మోస్తాదని మునెమ్మ నడివీధిలో పోట్లాడి, ఆ చాన్సు రంజితకు ఇప్పించింది. నాగలింగానికి ఆ పూట వడలు కూడా పెట్టింది.

లారీ హారన్ కొట్టింది. రంజిత గదిలోకి పోయింది. మునెమ్మ ఇడ్లీరేకులు గిన్నెలో దించి మూత పెట్టింది. తొట్టి నుంచి గదికి పట్టుమని పదడుగులు లేవు. మూత సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. "రెండు ఇడ్లీ, కారం జాస్తి" అని ఎవురో అడిగితే కట్టిచ్చింది. మూత తీసింది. ఇడ్లీలు ఉడికిపోయినాయి. పిల్ల ఇంకా రాలేదు.

తర్వాత వచ్చింది, ట్యూబు భుజాన ఈడ్చుకుంటా. వెనకనే నాగలింగం, చేతులు దులుపుకుంటా. "బంగారు తల్లి" అన్నాడు అందరికీ వినబడేటట్టు.

చుడీదార్ మీద పిల్ల వాళ్ళ నాయన పొడుగుచేతుల చొక్కా వేసుకోనుంది. గొంతుకాడి గుండీ దాకా పెట్టుకోనుంది. ఒళ్ళంతా చెమట.

మునెమ్మకు జ్ఞాపకం లేనిదంటా ఉండదు. ఎవురింట్లో ఎన్నోబిడ్డ ఏ తుపాను రోజు పుట్టిందో, ఎవురి పెండ్లికి సాంబారు మాడిందో అడిగితే తారీకుతో చెప్తాది. ఆ చొక్కా ఎప్పటినుంచి? ఉగాది ముందర నుంచి. లారీ రోజుల్లో మాత్రమే. మూడునెల్లుగా కండ్లతో చూస్తానే ఉండింది. కనిపించింది గానీ, చూడలేదు.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చినాక పిల్లను గడపలో కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. జడ పాయలు తీస్తా, "ఆ మిరపకాయ నువ్వు పెట్టిందేనా?" అనింది.

"ఒన్నుమిల్ల అవ్వా." ఏమీ లేదంట. పిల్లకు దాచాలంటే అరవం వస్తాది.

"నేను తీసేసినా. తీసేసింది తప్పు. పెట్టినోళ్ళు ఊరికే పెట్టరు."

దువ్వెన తల పొడుగునా నాలుగుసార్లు దిగింది. మునెమ్మకు నోట్లో వంద మాటలు తిరిగినాయి. ఏడ తాకినాడు, ఎన్నిసార్లు, ఎందుకు చెప్పలేదు? ఆదివారం పరిమళ చెప్పి ఉండింది: తవ్వొద్దు అక్కా, పిల్లలు వాళ్ళుగా చెప్పేదాకా కాచుకోండి అని. మునెమ్మ కాచుకుంది. అరవయ్యేండ్లలో అంత కష్టమైన పని ఆమె చెయ్యలేదు.

"ట్యూబును లోపలి మూల పెడతాడు" అనింది రంజిత వీధివైపే చూస్తా. "నేను తీసుకోని తిరిగితే దారిలో నిలబడి ఉంటాడు. జరుగు మామా అంటే నవ్వుతాడు. జరగడు."

చొక్కా మోచేతి కాడ గుప్పిట్లో పట్టుకోని నలిపింది. మునెమ్మకు ఆ మిగతాది చెప్పకుండానే అర్థమయ్యింది.

"మరి ఎందుకే పోతా ఉంటివి తల్లీ? కడుపునొప్పి అని పడుకోనుండకూడదా?"

"పడుకున్నా ఒకనాడు. ఆ పొద్దు జయంతిని పిల్చినాడు." పిల్ల గొంతు మొదటిసారి కదిలింది. "అది చిన్నది అవ్వా. నేను లేచి పరిగెత్తినా. మామా, నేను వచ్చేసినా అని. ఇంక అప్పుట్నించి ఒక్కనాడు గూడా మానలేదు."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. వీధిలో ఇంతమంది పెద్దోళ్ళు, బిందెలు వరసగా పెట్టుకోని, సోడాలు తాగి, భయం లారీ రోడ్డు మీద ఉందని తేల్చేసినారు. కాపలా కాసింది ఈ పిల్ల ఒక్కతే.

"మీ అమ్మకు చెప్పనా?"

"చెప్పు" అనింది రంజిత. "నేను ఉండగా వద్దు."

*

మంగళవారం పొద్దున, రంజిత స్కూలుకు పోయినాక, కూతురు వాసంతి పురసవాక్కం బట్టలకొట్టుకు బయల్దేరతా యూనిఫారం చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటా ఉండగా మునెమ్మ చెప్పింది. వాసంతి పిన్నీసు పండ్లమధ్య పెట్టుకోని వింటా ఉన్నదల్లా అట్టనే మంచం మీద కూలబడిపోయింది.

"పిల్ల నాయనకు తెలిస్తే మనలి ఫ్యాక్టరీలో షిఫ్టు ఇడ్సిపెట్టి వచ్చి వాణ్ణి నరికి జైలుకు పోతాడు. వద్దమ్మా. సూళ్ళూరుపేటలో మా ఆడబిడ్డింటికి పంపించేద్దాం. ఆడనే చదువుకుంటాది."

"పంపుదువులే. తర్వాత జయంతిని ఏడికి పంపుదాం? మిగతావాళ్ళను ఏడికి? వీధిలో ఆడపిల్లలందర్నీ రైలెక్కించి, వాణ్ణొక్కణ్ణి ఈడ కూర్చోబెట్టుకోని నీళ్ళు పట్టుకుందామా?"

వాసంతి ఏడ్చింది. ఏడుస్తానే పిన్నీసు తీసి భుజాన గుచ్చుకుంది. "నువ్వు గదమ్మా దాన్ని ఆడ పెట్టింది" అనింది.

"నేనే. అందుకే తియ్యాల్సిందీ నేనే."

వాసంతి కొట్టుకు ఫోన్ చేసి రెండుదినాలు సెలవడిగింది. సూపర్‌వైజరు అరుపు మునెమ్మకు కూడా వినబడింది. "జీతం కోసుకోండి సార్" అని వాసంతి పెట్టేసింది. తర్వాత తనే పరిమళకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

పరిమళ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా విని, "చిన్నపిల్ల సంగతి తెలిశాక చెప్పకుండా ఉంటే నాకే తప్పు అక్కా, చట్టం అది. ఈ పొద్దే కంప్లైంటు ఇస్తా. రంజిత స్టేషనుకు పోవాల్సిన పని లేదు. పోలీసు ఆఫీసరమ్మే మామూలు బట్టల్లో మీ ఇంటికే వస్తాది, బహుశా రేపు సాయంత్రం" అనింది. "కానీ రేపు పొద్దున లారీ వస్తాది గదా. ఏ పిల్లా ఆ గదిలోకి పోకూడదు. అది నేను చెయ్యలేను. అది మీరే."

సాయంత్రం రాసాత్తి గుమ్మంలో కూర్చోని నెత్తళ్ళు శుభ్రం చేస్తా ఉంది. చేపతలలు గిల్లి ఒకపక్క, వళ్ళు ఒకపక్క వేస్తా, మునెమ్మ నీడ పళ్ళెంమీద పడగానే తలెత్తకుండానే, "ఏం, దారి తప్పినావా? లేకుంటే పిండి పులిసిపోయిందా నా నెత్తిన పొయ్యడానికి?" అనింది.

"నీ కూతుర్ని ట్యూబుకు పంపొద్దు రాసాత్తీ. రేపే కాదు, ఎప్పుటికీ."

"ఓహో! ఆరునెల్లు తాగింది చాల్లేదా మొదటి బిందె నీళ్ళు?"

"రేపటినుంచి మొదటిది నువ్వే పెట్టుకో. నాది కడాఖరున పెడతా. రంజిత కూడా పోదు."

నెత్తలి తల గిల్లబోయిన వేళ్ళు ఆగినాయి. రాసాత్తి అప్పుడు చూసింది మునెమ్మ ముఖం వైపు. చూసింది, చూసింది. చేతులు పాత లుంగీగుడ్డకు తుడుచుకోని, లోపలికి తొంగి జయంతి టీవీ ముందర ఉందా అని చూసి, గొంతు తగ్గించింది.

"ఒక్కదినం పోయింది ఇది. పోయిన అరనిముషంలో మీ రంజిత వచ్చి దీన్ని బయటికి తోసేసిందంట. మోకాలు దోక్కుపోయింది. మా చాన్సు లాక్కుందని మీ పిల్లను నేను ఎంతెంత మాటలన్నానో మునెమ్మక్కా. నిలబడి తిట్టించుకుంది. మారు మాట్లాడలా."

మునెమ్మ ఆమె పక్కన కూర్చుంది. చెయ్యి చాపి పళ్ళెంలోంచి ఒక నెత్తలి తీసుకోని తల గిల్లింది. ఇంకొకటి తీసుకుంది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి రేపు ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు.

*

బుధవారం లారీ హారన్ కొట్టగానే సంఘం గదికి పోయింది ఇద్దరు ముసలమ్మలు. రాసాత్తికి యాభై కూడా లేవు గానీ ఆ పొద్దు మునెమ్మ పక్కన ఆమె కూడా పెద్దదానిమాదిరే ఉండింది.

నాగలింగం గుమ్మంలో నిలబడి, "రంజిత ఏదక్కా?" అన్నాడు.

"ఇంట్లో ఉండాది. ట్యూబు నేను మోస్తా."

"అయ్యో, మీ నడుముకు ఏమన్నా అయితే నాకు గదా చెడ్డపేరు. ఎవురో ఒక పిల్లను పంపండి."

"నడుము నాది. జరుగు."

ఆయన నవ్వినాడు. జరగలేదు. అయితే ఈసారి ఎదురుగా ఉండింది పిల్ల గాదు. మునెమ్మ కండ్లలోకి చూసినాక నవ్వు ఒక పక్కకు పోయింది. తలుపు లాగి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. "సంఘం రూలు సంఘం రూలే. రోజుకొకరు మార్చేదానికి ఇది మీ ఇడ్లీ బండి గాదు. పిల్లొస్తే ట్యూబొస్తాది. లేదంటే లారీ పోతాది."

డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టి, "పదినిముషాలేమ్మా! అవతల వీధిలో కాచుకోనుండారు!" అని అరిచినాడు.

బిందెల వరసలో గలాటా మొదలైంది. "ఏం మునెమ్మత్తా, పొద్దున్నే నీ పంచాయితీ?" "నీళ్ళు పోతే నువ్వు పోస్తావా?" "నాకు ఎనిమిదికి కంపెనీ బస్సు!"

మునెమ్మ తొట్టి కాడికి వచ్చి వరసకు ఎదురుగా నిలబడింది. నీళ్ళు పోతే ఈ వీధి ఆమెను నెలలతరబడి తిడతాది, బండికాడ ఒక్క ఇడ్లీ కొనరు. అది ఆమెకు తెలుసు.

"నాగలింగానికి ట్యూబు తెచ్చేదానికి పిల్ల కావాలంట" అనింది. "నా మనవరాలు పోదు. రాసాత్తి కూతురు పోదు. మొదటి బిందె కావాల్సినోళ్ళు మీ బిడ్డను పంపండి. నేనే మీ బిందె తెచ్చి ముందర పెడతా. ఎవురు పంపుతారు?"

ఆ మొదటి బిందె కోసం ఆ వీధిలో జుట్లు పట్టుకోనుండారు. ఇప్పుడు ఒక్కరూ కదల్లేదు. ఎర్ర బిందె వెనక నిలబడినామె తన కూతురి మణికట్టు పట్టుకుంది. దాని వెనకామె పిల్లను తన వెనక్కి లాక్కుంది. ఎవురూ నాగలింగం వైపు చూడలేదు. అదే మునెమ్మకు చలి పుట్టించింది. తెలిసినోళ్ళే గదా అట్ట చూడకుండా ఉంటారు.

వైదేహి అని, వరసలో చివర్న నిలబడే మనిషి, ఎన్నడూ నోరెత్తనిది, బిందె మీద చెయ్యి పెట్టుకోనే అనింది: "మా దేవకి రెండేండ్ల ముందర పోతా ఉండె. ఒకనాడు నేను పోనని ఏడిస్తే సోమరిదని కొట్టినా. పప్పుగుత్తితో." వంగి తన బిందె తీసి చంకన పెట్టుకోని, తొట్టికి వీపు తిప్పి, సందు మొదట్లోకి, లారీవైపుకు నడిచింది.

వరస విరిగిపోయింది. ఆ వీధి పుట్టినప్పుట్నించీ బిందెల వరస విరగడం అదే మొదలు. ఆడవాళ్ళంతా బిందెలెత్తుకోని లారీకాడికి పోయినారు. డ్రైవరు గొణుక్కుంటానే తన పొట్టి ట్యూబు దించినాడు. నిండిన బిందె ఒకరి చేతినుంచి ఒకరి చేతికి సందంతా నడిచింది. ఆటో జెబరాజ్ తన బండిని వెనక్కి తోసి దారిచ్చి, తానూ వరసలో నిలబడినాడు. "ఏందన్నా సంగతి?" అని పక్కనోడు అడిగితే, "ముందు నీళ్ళు పట్రా, మెల్లగా తెలుస్తాది. తెలిసినాక మాత్రం తెలీనట్టు ఉండొద్దు" అన్నాడు. సగం నీళ్ళు ఒలికిపోయినాయి, చీరలు తడిసినాయి, డ్రైవరు పదినిముషాలకు బదులు అరగంట నిలబడినాడు.

తాళం వేసిన గది ముందర నాగలింగం తాళంచెవి చేత పట్టుకోని నిలబడే ఉన్నాడు. ఎవురూ దాన్ని అడగలేదు.

*

ఆఫీసరమ్మ సాయంత్రం పరిమళతో వచ్చింది, మామూలు వాయిల్ చీరలో, ఎవురింటి చుట్టమో అన్నట్టు. చాపమీద కూర్చోని రంజితను ఏం చదువుతా ఉన్నావని అడిగింది. తర్వాత, "నీ పక్కన ఎవురుండాలమ్మా?" అనింది.

"అమ్మ" అనింది రంజిత. మునెమ్మ వైపు తిరిగి, "అవ్వా, నువ్వు బయట కూర్చో. నువ్వుంటే మాట్లాడతావు. నాకు మాట రాదు."

సూటిగానే తగిలింది. మునెమ్మ మోకాళ్ళు పట్టుకోని లేచి, తలుపు దగ్గరేసి, గడప బయట మెట్టుమీద కూర్చుంది.

పెద్దమనుషులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందర రామసామి, వీధిలో అందరికన్నా పెద్దాయన, ఆయన వెనక సంఘం వాళ్ళు ఇద్దరు. చేతిలో పళ్ళెం, ఆకులు, వక్కలు, ఆరు అరటిపండ్లు. ఆ వీధిలో ఎంత పెద్ద తగువైనా ఆ పళ్ళెంతో ముగుస్తాది. వాకిట్లో పెట్టింది తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఆపైన ఎవురూ ఆ మాటెత్తకూడదు. మునెమ్మే ఎన్ని పళ్ళేలు ఎత్తించిందో, ఎవురెవురికి ఏం నచ్చచెప్పిందో, అన్నీ గుర్తే.

రామసామి పళ్ళెం ఆమె పాదాలకాడ పెట్టినాడు. "వీధి మాట వీధిలోనే ఉండనీ మునెమ్మా. నాగలింగం లీడరు పని మానుకుంటాడు. తాళంచెవి నీకే ఇస్తాం. పోలీసు దాకా పోతే పిల్లకే గదా పేరు? రేపు దాని పెండ్లి గిండ్లి..."

మునెమ్మ నోరు తెరిచింది. ఆయనకు చెప్పాల్సింది ఒక రాత్రికి సరిపడా ఉండాది ఆమె కాడ. తలుపు వెనక రంజిత గొంతు సన్నగా వినబడతా ఉంది, మాటలు తెలీడం లేదు. ఒకసారి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"మాట్లాడాల్సింది లోపల మాట్లాడతా ఉండాది" అనింది మునెమ్మ మెల్లగా. "మీ పళ్ళెం మీరు తీసుకోండి రామసామన్నా. గట్టిగా మాట్లాడొద్దండి, దాని మాట తెగిపోతాది."

పెద్దమనుషులు నిలబడినారు. రాసాత్తి తన గుమ్మంలోంచి లేచి వచ్చి మునెమ్మ పక్కన కూర్చుంది, తలుపుకు అడ్డంగా. రామసామి వంగి పళ్ళెం తీసుకున్నాడు.

వాళ్ళు తిరిగేలోపల సందులోంచి వైదేహి వచ్చింది. వెనక దేవకి, కాలేజీ బ్యాగు ఇంకా భుజానే ఉంది. వైదేహి పెద్దమనుషులను దాటుకోని వచ్చి, చెప్పులు విడిచి, "ఆఫీసరమ్మ ఇంకొకరి మాట కూడా వింటాదా అక్కా?" అనింది.

"లోపల రంజిత ఉండాది" అనింది మునెమ్మ. "టైము పట్టేటట్టుంది."

దేవకి బ్యాగు దించి కింది మెట్టు మీద కూర్చుంది.

"పట్టనీ అవ్వా" అనింది. "కాచుకుంటా."